ఎర్తు ప్లేటుకు పండగ రంగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ముప్ఫై ఆరు దాటేసరికి తెలిసినవి ఒక్కొక్కటే తగ్గిపోతూ వస్తున్నాయి గాని, ఇరవై మూడేళ్ళ వయసులో, బి.టెక్. పట్టా పుచ్చుకుని మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు, కరెంటు సంగతుల్లో నాకు తెలియనిది ఆ భగవంతుడికి కూడా తెలియదని నా గట్టి నమ్మకం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అన్నారా! భీమవరానికీ పాలకొల్లుకీ మధ్య రోడ్డు పక్కన ఉండే రొయ్యల మేత ఫ్యాక్టరీ అది. ఎండు చేపల పొడి, సోయా పిండి, తవుడు, నూనె అన్నీ తూకం ప్రకారం కలిపి, ఆవిరికి ఉడికించి, సన్నటి గుళికలుగా చేసి చెరువుల రైతులకు అమ్మేవాళ్ళు. ఆ వాసన మనిషిని పట్టుకుందంటే సబ్బుకీ లొంగదు, సెంటుకీ లొంగదు. సాయంత్రం నేను బస్సెక్కితే నా పక్క సీటు భీమవరం దాకా ఖాళీగానే ఉండేది. (ఇంజనీరు గారని జనం జంకుతున్నారని మొదటి వారమంతా అనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి.)

ఆ ఫ్యాక్టరీలో మొదట్నుంచీ ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు పెట్టుకునేవారు కాబట్టి అందరూ ఆయన్ని టెస్టర్ బాబాయి అనేవాళ్ళు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్ళు. చదివింది ఎనిమిదో తరగతి. మోటారు మీద అరచెయ్యి ఆనించి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "దీనికి బేరింగు పోయిందండి. రేపో ఎల్లుండో పట్టేస్తాది" అనేవారు. అది రేపో ఎల్లుండో పట్టేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను లాప్‌టాప్ ముందేసుకుని లెక్కలు కట్టేలోపు ఆయన ఆ మోటారు విప్పడం, బిగించడం, టీ తాగడం కూడా అయిపోయేవి. ఆపరేటర్లు ఏ ఇబ్బంది వచ్చినా నా గది ముందు నుంచే నడుచుకుంటూ ఆయన దగ్గరికి పోయేవాళ్ళు, నా గది తలుపు తెరిచే ఉన్నా సరే. ఆయన మాత్రం మా నాన్నకంటే పెద్దవారై ఉండి కూడా నన్ను "ఇంజనీరు గారూ" అనీ "మీరు" అనీ అనేవారు. ఆ పిలుపు మాత్రం నాకు మహా రుచిగా ఉండేది. నిజం చెప్పేస్తాను, దాచడమెందుకు, ఆయనంటే నాకు కడుపుమంట. అప్పట్లో దాన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలంలో మా చైర్మన్ గారు (రైతు కుటుంబంలో పుట్టి, వరిచేలు చెరువులు చేసి, ఆ చెరువులకు మేత కూడా మనమే ఎందుకు చేయకూడదని ఫ్యాక్టరీ పెట్టిన మనిషి) పిండిమర మోటారుకు కొత్త డ్రైవు తెప్పించారు. డ్రైవంటే మోటారు వేగాన్ని కావలసినట్టు పెంచి తగ్గించే పెట్టె. మంచిదే గాని దానికో దుర్గుణం ఉంది. నడుస్తున్నంతసేపూ కంటికి కనపడని, చెవికి వినపడని అలజడి ఒకటి పక్క తీగల్లోకి చిమ్ముతుంది. మావాళ్ళ భాషలో నాయిస్. పక్కనే సరుకులు తూచే తూకం తొట్టి నుంచి వచ్చే సన్నటి తీగ ఉందనుకోండి, ఆ తీగలో వచ్చే తూకం అంకెలు తప్పిపోతాయి. అందుకని మోటారు తీగకీ, తూకం తీగకీ కూడా పైన రాగి జాలీ తొడుగు ఉంటుంది. తొడుగు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ జాలీని ఇనప క్లాంపుతో ప్యానెల్, అంటే డ్రైవు ఉండే ఇనప బీరువా, లోపలి ప్లేటుకు గట్టిగా నొక్కి పెట్టాలి, ప్లేటు నుంచి భూమిలోకి ఎర్తు వెళ్ళాలి. అప్పుడా అలజడి భూమిలోకి పోతుంది, మన జోలికి రాదు. శాస్త్రమంతా ఇంతే.

డ్రైవు బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన పనంతా అయ్యాక ఆ ప్లేటు మీద వేలితో కొట్టి, "సార్, ఒక్కటి యాదుంచుకోండి. ఈ ప్లేటు ఎప్పుడూ ఇట్లనే బోసిగ ఉండాలె. రంగు గాని తుప్పు గాని ఉన్నదంటే క్లాంపు పట్టుకుంటది గని ఎర్తు అందదు" అన్నాడు. నేను ఫోనులో ఎవరికో మెసేజ్ పెట్టుకుంటూ "తెలుసులెండి" అన్నాను. బాబాయి అప్పుడు బాయిలర్ దగ్గర ఉన్నారు. తర్వాతైనా ఆయనకు చెప్పాలి కదా? చెప్పలేదు. చెబితే ఆయనకీ తెలిసిపోతుంది కదా! ఆ ఫ్యాక్టరీలో ఒక్క విషయమైనా నాకు తెలిసి, ఆయనకు తెలియకుండా ఉండాలని నా ఆశ. అంత భద్రంగా దాచుకున్న ముక్కని పది రోజుల్లో నేనే మరిచిపోయాను.

దసరా వచ్చింది. మా ఫ్యాక్టరీలో ఆయుధపూజకు ముందు యంత్రాలన్నింటికీ రంగు వేయడం ఆచారం. చైర్మన్ గారికి చిలకపచ్చ రంగంటే ప్రాణం. గేటు చిలకపచ్చ, నీళ్ళ ట్యాంకు చిలకపచ్చ, తూకం తొట్టి చిలకపచ్చ, ఆఖరికి చెత్తడబ్బా కూడా చిలకపచ్చే. పూజనాడు ఆయన పట్టుపంచె కట్టుకుని వచ్చి ఒక్కో యంత్రానికీ బొట్టుపెట్టి, ఎవరి యంత్రం మెరిసిపోతుంటే వాళ్ళ భుజం తట్టేవారు. ఆ భుజం ఈసారి నాదే కావాలనుకున్నాను. ప్యానెల్ తలుపులకి ఎలాగూ అందరూ వేయిస్తారు. లోపల కూడా వేయిస్తే? తెరవగానే లోపలంతా చిలకపచ్చ! ఈ ఆలోచన ఇంతవరకూ ఎవరికీ ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోయాను కూడా. బాబాయిని పిలిచి చెప్పాను.

ఆయన ప్యానెల్ వైపు చూసి, నా వైపు చూసి, తల గోక్కున్నారు. "తలుపులకి వేద్దామండి. లోపల ఆ ప్లేటు జోలికి ఒద్దండి బాబూ. అది ఎర్తు కదండి. జొరం ఉందో లేదో చూడాలంటే దుప్పటి తీసి చెయ్యెయ్యాలి గాని, దుప్పటి మీదేస్తే ఏం తెలుస్తాదండి?" అన్నారు. హైదరాబాదాయన చెప్పిన శాస్త్రం, ఎవరూ చెప్పకుండానే, ఆయన నోటి నుంచి దుప్పటి రూపంలో వచ్చేసింది. అప్పుడైనా నాకు గుర్తు రావద్దూ? రాలేదు. నాకు గుర్తొచ్చిందల్లా నేను ఇంజనీరునని. "బాబాయ్ గారూ, నాలుగేళ్ళు ఇదే చదివానండి నేను. క్లాంపులు విప్పండి, రెండు కోట్లు వేయండి, ఆరాక మళ్ళీ బిగించండి" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నారాయన. ఆయన పని ఎంత నికార్సైనదంటే, ఇష్టం లేకుండా వేసిన రంగు కూడా అద్దంలా వచ్చింది. పూజనాడు చైర్మన్ గారు తలుపు తెరిచి, "అబ్బో! లోపల కూడానా! పెళ్ళికూతురు పెట్టెలా ఉందయ్యా. ఎవరు చేయించారిది?" అన్నారు. "నేనేనండి" అని ఒకడుగు ముందుకేశాను. నా భుజం తట్టారు. బాబాయి వెనక నిలబడి హారతిపళ్ళెం పట్టుకుని ఉన్నారు.

పండగ వెళ్ళిన మర్నాడు పిండిమర నడపగానే తూకం తొట్టికి పిచ్చెక్కింది. ఖాళీ తొట్టి నలభై కిలోలు చూపించింది. నలభై కిలోలు వేస్తే పదిహేను అంది. ఒక్కోసారి సున్నా కంటే తక్కువ చూపించింది, అంటే తొట్టి మనకే ఎదురు బాకీ అన్నమాట. మర ఆపితే బుద్ధిమంతురాలిలా సరిగ్గా చూపిస్తుంది, నడిపితే మళ్ళీ చిందులు. బాబాయి పండగకి సెలవు పెట్టి కూతురి ఊరు వెళ్ళారు. ఇది నాయిస్ అని నేను గంభీరంగా చెప్పాను. చైర్మన్ గారు వచ్చి, తొట్టికి చెవి ఆనించి, "నాకేం వినపడటం లేదేంటయ్యా?" అన్నారు. స్టోర్సు గుమాస్తా ఇది దిష్టేనని తేల్చేశాడు. "కొత్తగా రంగేశారండి, ఎవరి కళ్ళో పడ్డాయి" అన్నాడు. (రోగం పేరు తప్పుగాని, రంగు దగ్గర పట్టుకున్నాడు మహానుభావుడు.) తొట్టికే ఓ బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు. మర ఆపి చూస్తే అంకె కదలకుండా ఆరు కిలోల రెండొందలు చూపించింది. గుమ్మడికాయని విప్పి వేరే కాటాలో వేసి చూశారు, అక్షరాలా అంతే ఉంది. దిష్టి పోయిందని ఆ సాయంత్రం అందరికీ పులిహోర పంచారు. మర్నాడు మర నడిపితే మళ్ళీ అదే భాగోతం.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. ఆర్డర్లు ఆగవని ఆ తప్పుడు తూకాలతోనే కలిపిన మేత అప్పటికే చెరువులకు చేరింది. ఓ ఉదయం గేటు దగ్గర పాతికమంది రైతులు, మోటారు సైకిళ్ళ మీద మేత బస్తాలు తిరిగి తెచ్చి పడేశారు. వాళ్ళలో ఒకాయన చైర్మన్ గారికి దగ్గరి చుట్టమే. "ఏం బావా, మీ మేత నీళ్ళల్లో పడగానే పిండైపోతందయ్యా. రొయ్య తింటాకి వచ్చేలోపు చెరువంతా గంజి. మేం రొయ్యల్ని పెంచుతున్నామా, గంజి కాస్తున్నామా?" అని కేకలేశాడు. చైర్మన్ గారి మొహం మాడిపోయింది. రైతు దగ్గర మాట పడటమంటే ఆయనకు చావుతో సమానం. "దీనికి కారణమైనవాడు ఎవడైనా సరే, రేపటి నుంచి నా గేటు లోపల ఉండడు" అని అందరి ముందూ మాటిచ్చేశారు.

నేను ఆ మధ్యాహ్నం డ్రైవుతో వచ్చిన పుస్తకం మొదటిసారి తెరిచాను. (అవునండి, మొదటిసారే.) క్లాంపుల బొమ్మ ఉన్న పేజీలో, క్లాంపు కింద రంగు గీకేయాలని బాణం గుర్తేసి మరీ రాసి ఉంది. హైదరాబాదాయన వేలితో కొట్టిన చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా చూశారేమోనని పుస్తకం గబుక్కున మూసేశాను. ఒక్కణ్ణే ప్యానెల్ గదిలోకి వెళ్ళి, కరెంటు ఆపి, క్లాంపులు విప్పి, వాటి కింద రంగుని బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి మర నడిపించాను. అంకె రాయిలా నిలబడిపోయింది. అరగంట పని! ఆపరేటర్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినగానే, ఇందాకటి భయమంతా ఏమైపోయిందో, రొమ్ము విరుచుకుని చైర్మన్ గారి గదికి వెళ్ళి రోగం ఇదీ, మందు ఇదీ అని ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు. "ఆ ప్లేటుకి రంగెవడు వేశాడు?"

ఆ ఉదయమే ఊరి నుంచి తిరిగొచ్చిన బాబాయిని పిలిపించారు. ఆయన జేబులో టెస్టరుతో, చేతిలో తుడుచుకుంటున్న గుడ్డతో వచ్చి నిలబడ్డారు. "నేనే వేశానండి. ఒద్దని చెప్పానండి. ఇంజనీరు గారే వెయ్యమన్నారు" అన్నారు. చైర్మన్ గారు నా వైపు తిరిగారు. "పూజనాడు నువ్వే కదయ్యా చేయించానన్నావు?" అన్నారు. ఇంట్లో అమ్మ ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం అది. నోరు తెరిస్తే మాట దానంతటదే వచ్చింది, ఎంత తియ్యగా వచ్చిందో చెప్పలేను. "తలుపులకి వేయమన్నానండి. లోపల ప్లేటుకి వేయమని ఏ ఇంజనీరైనా చెబుతాడాండి?" అన్నాను. బాబాయి ఒక్కసారి నా మొహంలోకి చూశారు. ఆయన కళ్ళల్లో కోపం కూడా లేదు, నమ్మలేకపోవడం ఉంది. "లోపల కూడా అన్నారండి. రెండు కోట్లు అన్నారండి" అని మళ్ళీ చెప్పారు. చైర్మన్ గారు చెయ్యి అడ్డంపెట్టి, "చదువుకున్నవాడు అలా ఎందుకు చెబుతాడయ్యా? నీకు తెలియక చేసి ఉంటావు. ఒప్పుకుంటే పోయేది" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది.

సాయంత్రం బాబాయి నా గదికి వచ్చారు. తిడతారని లేచి నిలబడ్డాను. ఆయన తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, "ప్యానెల్ గదివండి. మూడో తాళం కాస్త పైకెత్తి తిప్పాలండి, లేకపోతే పట్టేస్తాది. బాయిలర్ దగ్గర స్టార్టరు వేడెక్కుతోంది, రేపు ఒకసారి చూడండి" అని చెప్పి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఆ మరుసటి నెల నన్ను పర్మనెంటు చేశారు. ఆపరేటర్లు అప్పట్నుంచీ ప్రతి చిన్న పనికీ నా గదికే వచ్చేవాళ్ళు, నేను కోరుకున్నదే కదా. ఏం చెప్పినా "ఆయ్" అనేవాళ్ళు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ ఒక్క అక్షరంతో మనిషి ముఖాన ఉమ్మేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది. రెండేళ్ళు భరించి, వేరే ఉద్యోగం చూసుకున్నాను.

ఇప్పుడు నేను పంపుల పనులు చేసే ఓ కంపెనీలో, పోలవరం వైపు తిరుగుతుంటాను. బాబాయి జంగారెడ్డిగూడెం దగ్గర కూతురి ఊరు చేరారనీ, పామాయిల్ తోటల్లో బోరు మోటార్లు బాగుచేస్తున్నారనీ పాత ఆపరేటరొకడు చెప్పాడు. పోయిన నెల, అటుగా వెళ్తూ, కిలో కాజాలు కొనుక్కుని, దారంతా క్షమాపణ ఉపన్యాసం ఒకటి తయారు చేసుకుని వెళ్ళాను. ఉపన్యాసం బ్రహ్మాండంగా వచ్చింది. "వయసు వేడిలో" అని మొదలవుతుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో స్టార్టరు విప్పుకుని కూర్చున్న మనిషి కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఓయ్, ఇంజనీరు గారు! రండి రండి" అంటూ లేచి స్టూలు తుడిచారు. లోపలికి కేకేశారు, "ఏవే, మా ఫ్యాక్టరీ ఇంజనీరు గారొచ్చారు. భోజనం ఏర్పాటు చూడు". నా ఉపన్యాసం మొదటి మాట దగ్గరే చచ్చింది. మా గోదావరి జిల్లాల్లో మనిషిని శిక్షించడానికి కర్ర అక్కర్లేదు, మర్యాద చేస్తే చాలు.

కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చేటప్పుడు ఇక ఆగలేక అనేశాను. "బాబాయ్ గారూ, ఆ రంగు వేయమంది నేనేనండి." ఆయన చెంబు పట్టుకుని నన్ను విచిత్రంగా చూశారు. "ఆ సంగతి నాకు చెబుతారేంటండి? నేనక్కడే ఉన్నాను కదా" అన్నారు. నిజమే! పదమూడేళ్ళు మోసుకొచ్చిన రహస్యం, ఈ లోకంలో అది నాకంటే బాగా తెలిసిన ఒకే ఒక్క మనిషికి చెబుతున్నాను. "చైర్మన్ గారికి చెప్పాల్సిందండి. ఆయనిప్పుడు లేరు" అని, గొంతు తగ్గించి, "మా ఇంటిదానిక్కూడా నమ్మకం లేదండి. చదువుకున్న కుర్రాడికి అబద్ధమాడాల్సిన కర్మేంటి, మీరే ఏదో చేసుంటారు అంటాది. ఎప్పుడు మాటా మాటా వచ్చినా అదే ఎత్తుతాది. నేను చెప్పడం మానేశాను" అన్నారు. తువ్వాలు నా చేతికిచ్చి లోపలికి నడిచారు.

ఇద్దరికీ కంచాలు పెట్టారు. బాబాయి గారి భార్య, చూడటానికి మా పిన్నిలా ఉన్న మనిషి, వంకాయ కూర, ముద్దపప్పు కొసరి కొసరి వడ్డిస్తూ, "మీ గురించి ఎప్పుడూ చెబుతుంటారు బాబూ. ఆ తూకం రోగం కనిపెట్టింది మీరేనటగా" అంది. ఆయన తలొంచుకుని అన్నం కలుపుకుంటున్నారు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఉపన్యాసంలోని ఒక్క మాటా పనికి రాలేదు. "పిన్నిగారూ, రోగం తెచ్చింది నేనేనండి. బాబాయిగారు ఒద్దన్నా వినకుండా రంగు వేయించాను. చైర్మన్ గారి దగ్గర అబద్ధమాడాను. బాబాయిగారు చెప్పిందే నిజం" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా వైపు చూడలేదు. ఆయన వైపు చూసింది. "అయితే మీరు చెప్పింది నిజమేనా?" అంది. "నిజమేనే. ఎన్నిసార్లు చెప్పాను" అన్నారాయన, తలెత్తకుండానే. ఆవిడ గరిటె పప్పుగిన్నెలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, పెరుగు గిన్నెతో వచ్చింది.

మా వైపు ఏ ఇంట్లోనైనా పెరుగు ముందు అతిథికి వేస్తారు, ఆ తర్వాతే ఇంటాయనకి. ఆవిడ నా కంచం దాటి వెళ్ళి, వంగి, గడ్డపెరుగు మీగడతో సహా ఆయన కంచంలో వేసింది. ఆయన "చాలే, చాలే" అంటున్నా వినకుండా ఇంకో గరిటె వేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "వేసుకోండి బాబూ" అంటూ నాకూ వేసింది. మీగడ అయిపోయింది. ఇరవై మూడేళ్ళ వయసులో హారతిపళ్ళెం ముందు ఒకడుగు ముందుకేసి "నేనేనండి" అన్న ఆ పిల్ల వెధవ గుర్తొచ్చి, తలొంచుకుని నవ్వుకున్నాను. వాడు ఆ ఒక్క మాట పది రోజుల తర్వాత, చైర్మన్ గారి గదిలో ఇంకోసారి అని ఉంటే సరిపోయేది.